మిద్దె మీద నలభై బిందెలు

ఇల్లు కొనాలని కాళ్ళరిగేలా తిరుగుతున్న చిన్నవాళ్ళు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. నాకు వాస్తు తెలుసని కాదు. రిజిస్ట్రారాఫీసు వరండాలో దస్తావేజులు రాసి రాసి, ఏభై నిండకముందే కుడిచేతి మూడు వేళ్ళూ సమ్మె కడితే ఇంట్లో కూర్చున్న మనిషినని. నేను రాసిన స్టాంపు కాగితాలు వరసగా పరిస్తే అనంతపురం నుంచి బళ్ళారి దాకా నేల కనబడదు. వాటిలో చేసిన తప్పులు పరిస్తే, అదే దారిన తిరిగి ఇంటికి రావచ్చు.

వచ్చినవాళ్ళందరూ ఒకటే అడుగుతారు. "కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పండి, చాలు." ఆ 'చాలు' వినగానే వాళ్ళను చాప మీద కూర్చోబెడతాను. ఒకప్పుడు ఆ మాట నేనే అన్నాను. అన్న నాలుగోనాడు, ఒక మిద్దె మీద, నలభై బిందెల నీళ్ళలో నా ముఖం నాకు కనబడింది. అంత స్పష్టంగా మంగలి షాపు అద్దంలో కూడా ఎన్నడూ కనబడలేదు.

ఏభైల చివరి సంగతి ఇది. ఊరి పేరెందుకులెండి, కళ్యాణదుర్గం బస్సెక్కితే దారిలో తగిలే ఊరు. నాకు ఇరవై నాలుగేళ్ళు. లైసెన్సు వచ్చి ఏడాదైంది. వరండాలో నలుగురు రైటర్లం. మిగిలిన ముగ్గురి వయసులూ కలిపితే విజయనగర రాజుల కాలానికి చేరుకునేవి. వాళ్ళు ఒక దస్తావేజు పూర్తి చేసేలోపు నేను మూడు రాసి, నాలుగోదానికి వక్క నములుతూ ఎదురుచూసేవాణ్ణి.

ఇందులో మహిమేమీ లేదు. మా వరండాలో ఎవరూ ఇంటిని చూసి దస్తావేజు రాయరు, పాత దస్తావేజును చూసి రాస్తారు. పాతది తొడ మీద పెట్టుకోవడం, అమ్మేవాడి పేరూ కొనేవాడి పేరూ మార్చడం, నాలుగు దిక్కుల చెక్కుబందీలో చచ్చిపోయినవాళ్ళ బదులు వాళ్ళ కొడుకుల్ని నిలబెట్టడం, మిగతాది దించేయడం. అందరూ చేసేది ఇదే. నేను ఇంకో మెట్టు ఎక్కాను. పాత కాగితంలో పనికిరాదనిపించిన వాక్యాలను ఏరి పారేయడం మొదలుపెట్టాను. అలా తేలిక చేయడమే నా ప్రతిభ అనుకున్నాను.

ఇక ఆ ఏళ్ళ ఎండ గురించి చెబితే అతిశయోక్తి అంటారు, అయినా చెబుతాను. బుడ్డిలో ముంచిన కలం కాగితాన్ని చేరేలోపు దారిలోనే ఎండిపోయేది. సరైన వాన పడి నాలుగేళ్ళు దాటింది. ఒక సాయంత్రం పది చినుకులు రాలితే మా వీధి మేకలు ఎవరో రాళ్ళు విసురుతున్నారనుకుని చెల్లాచెదురయ్యాయి. మబ్బు కనబడిన రోజున సబ్ రిజిస్ట్రారు గారితో సహా ఆఫీసంతా బయటికొచ్చి నిలబడేది, పైనుంచి ఎవరో అధికారి తనిఖీకి వచ్చినట్టు. ఆ మబ్బు కూడా అధికారిలాగే చూసి వెళ్ళిపోయేది.

ఆ ఆఫీసులో ఒక జవాను ఉండేవాడు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఖాకీ కోటు, నడుముకు ఇత్తడి బిళ్ళ, నోట్లో ఎప్పుడూ 'చిత్తం' అనే మాట. ఆయన అసలు పని వేలిముద్రలు వేయించడం. సంతకం రానివాళ్ళ బొటనవేలు పట్టి, సిరా పలక మీద అద్ది, పుస్తకంలో గోరు ఈ అంచు నుంచి ఆ అంచుకు దొర్లించేవాడు. తాలూకాలో ఆయన చేతిలో దొర్లని బొటనవేలు లేదు. వేలు తాకి చూసి ఇది వేరుశెనగ పీకిన వేలు, ఇది గొర్రె బొచ్చు కత్తిరించిన వేలు అని చెప్పేవాడు. ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ ఇళ్ళు ఇప్పించిన ఆ మనిషి పదకొండు అద్దె ఇళ్ళు మారాడు.

ఆయన భార్యను ఊరంతా పరుపులక్క అనేవాళ్ళం. దూదేకుల కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, దూది మధ్యనే పుడతారు, దూది మధ్యనే పెరుగుతారు. ఆమె కుట్టిన పరుపు మీద పడుకుంటే అప్పులవాడికి కూడా నిద్ర పట్టేదని చెప్పుకునేవారు. ఒక ఇంట్లో దూదికో మనిషికో ఒకదానికే చోటుంటే, ఆ ఇంట్లో ఆమె దూదిని లోపల పెట్టి మనిషిని వాకిట్లో పడుకోబెట్టేది. దానికి కారణం ఉంది. కరువుకు ముందు, ఏడో అద్దె ఇంట్లో, ఒక్క వానకు మిద్దె కురిసి, ఒక పెళ్ళివారి కోసం కుట్టిన పరుపులన్నీ నానిపోయాయి. నానిన దూది మళ్ళీ దూది కాదు. ఆ పెళ్ళివాళ్ళకు పరుపులు తిరిగి కుట్టివ్వడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు పదకొండో ఇంటి యజమాని, కొడుకు కాపురం పెట్టాలి, రెండు నెలల్లో ఖాళీ చేయమన్నాడు. పరుపులక్క మొగుడితో ఒకటే చెప్పింది. "పన్నెండో అద్దె ఇంటికి నేను దూది మోయను. సొంతమైతేనే మూటలు కడతా."

దొరికిన ఇల్లు ఊరి మధ్యలో ఒక పెద్ద మిద్దెలో తూర్పు భాగం. ఇద్దరు అన్నదమ్ముల ఆస్తి. పన్నెండేళ్ళ కిందట భాగాలు పంచుకుని మధ్యలో ఉమ్మడి గోడ పెట్టుకున్నారు. పడమటి సగం తమ్ముడిది, తూర్పు సగం అన్నది. అన్న రాప్తాడు దిక్కున కూతురి ఊరికి పోతూ తన భాగం అమ్మకానికి పెట్టాడు. మంచి మాటకారి. సంతకం మాత్రం రాదు, వేలిముద్రే.

జవానన్న నన్ను పక్కకు పిలిచాడు. "రైటరన్నా, నాకు అచ్చరం రాదని కాదు గాని, బయం. నా బతుకంతా దీంట్లో పెడతాండా. కాగితాలు నువ్వు సూడు. నువ్వు సరే అంటే సరే."

నన్ను నమ్మిన మొదటి పెద్దమనిషి ఆయన. ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా గుండీ ఒకటి తెగి సబ్ రిజిస్ట్రారు గారి బల్ల కిందికి పోయింది. మూడు రోజులు ఇండెక్సు పుస్తకాలు తిరగేశాను. ముప్ఫై ఏళ్ళ చరిత్ర చదివాను. తాకట్టు లేదు, తగాదా లేదు, మైనరు వాటా లేదు. అన్నదమ్ముల భాగపరిష్కార దస్తావేజు ఒరిజినల్ తెప్పించుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. చదివానంటే చదివాను. అందులో ఒక వాక్యం దగ్గర నవ్వాను కూడా. ఆ నవ్వు సంగతి తర్వాత చెబుతాను.

ఇల్లు చూడ్డానికి ఒక ఆదివారం వెళ్ళాం. మా సీమలో ఆ రోజుల్లో ఇల్లు చూడ్డమంటే బావి చూడ్డం. గోడలు, తలుపులు, గదులు, అవన్నీ బావికి చుట్టూ ఉండే అలంకారాలు. దొడ్లో బావి ఉంది. చేద వేశారు. తాడు చాలా దూరం పోయింది, పాతాళంలో ఎవరో అందుకుని నింపి పంపినట్టు సగం చేద నీళ్ళు వచ్చాయి. జవానన్న దోసిలి పట్టి తాగి కళ్ళు మూసుకున్నాడు. "తీపి," అన్నాడు. నేను మూడు చెంబులు తాగాను. సాక్షిగా వచ్చిన పెద్దలు తలా చెంబు తాగారు. అక్కడితో అందరి దృష్టిలో ఇల్లు కొన్నట్టే. ఆ మధ్యాహ్నం అక్కడ ఏడుగురం ఉన్నాం. ఏడుగురి తలలూ బావిలోకే వంగి ఉన్నాయి.

పరుపులక్క మాత్రం లోపలి గదిలో నిలబడి పైకి చూస్తోంది. బయట దొడ్లోకి మాకు ఆమె గొంతు వినబడింది.

"ఏమప్పా పెద్దాయనా, ఈ సున్నం ఎప్పుడు కొట్టించినావు?"

"పండక్కమ్మా."

"ఏ పండక్కు?"

అన్న గారు ఆలోచించాడు. ఉగాది పోయి రెండు నెలలు దాటింది. ముందు రెండు నెలల్లో కూడా ఏ పండగా లేదు. "వచ్చే పండక్కు," అన్నాడు.

"మిద్దె కురుస్తాదా?"

"వానొస్తే గదమ్మా కురిసేది!"

అందరం పడీ పడీ నవ్వాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, అందరికంటే గట్టిగా నవ్వింది నేను. బావిలో నా నవ్వు రెండుసార్లు ప్రతిధ్వనించింది.

పరుపులక్క నవ్వలేదు. దొడ్డి తలుపులోంచి మాకు కనబడుతూనే గోరుతో గోడ గీకింది. సున్నం పెచ్చు లేచింది. దాని కింద టీ మరక లాంటి చార ఒకటి పైనుంచి కిందికి ఉంది. "ఇది ఏందప్పా?"

"మట్టి గోడ రంగు అట్లే ఉంటాదిలేమ్మా."

"అట్లయితే నీళ్ళు పోసి సూస్తాం."

"యాడ?"

"మిద్దె మీద."

దొడ్లో ఉన్న పెద్దలందరి నోళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి. నాలుగేళ్ళుగా ముఖం కడిగిన నీళ్ళతో కాళ్ళు, కాళ్ళు కడిగిన నీళ్ళతో బర్రె తొట్టి కడుగుతున్న ఊరది. అక్కడ మిద్దె మీద నీళ్ళు పోయడమంటే దేవుడి నగలు వీధిలో విసిరేయడం. అన్న గారికి కోపం వచ్చింది. "ఏమమ్మా, మనుషులకు నోరు తడుపుకునే దానికి లేదు, మట్టికి తాపుతావా? సాయబూ, నీ ఇంటి ఆడమనిషికి చెప్పుకో!"

జవానన్న నా వైపు చూశాడు. అది నా రోజు. నేను చేయవలసింది ఒక్కటే, "నీళ్ళు పోసి చూద్దాం" అనడం. నేనేమన్నానో తెలుసా? గొంతు సవరించుకుని, "అక్కా, కాగితాలు బంగారంలా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు నేను చూశాను. అది చాలు," అన్నాను.

పరుపులక్క కొంగు దులుపుకుంది. "నువ్వు కాగితం కింద కాపరం చేస్తావేమో రైటరన్నా. మేము మిద్దె కింద చేస్తాం." మొగుడి వైపు తిరిగింది. "ఊరందరి యేళ్ళు పట్టుకున్నావు ఇరవై ఏండ్లు. ఒక్కసారి నా మాట పట్టుకో."

జవానన్న బావి గట్టు దిగాడు. అన్న గారితో, జీవితంలో మొదటిసారి 'చిత్తం' లేకుండా ఒక మాట అన్నాడు. "గురువారం పోస్తాం పెద్దాయనా. నీ బావి నీళ్ళు వద్దు. మా నీళ్ళే."

మా నీళ్ళేనని అనడం తేలిక. ఎక్కడివి? వాళ్ళింట్లో ఉన్నవి మూడు బిందెలు, అందులో ఒకటి చిల్లిది. ఆ మూడు రోజులూ పరుపులక్క దూది ఏకలేదు. ఇల్లిల్లూ తిరిగింది. "మీ ఇంట్లో నా పరుపుందా? ఉండాది కదా. గురువారం పొద్దున ఒక్క బిందె నీళ్ళు తీసుకోని రా. పోసిన నీళ్ళు దోనెలోంచి పడతాయి, కింద పట్టుకోని పోదువు. బర్రెలకు పనికొస్తాయి." మిద్దె మీద నీళ్ళు కిందికి దూకడానికి గోడ అంచున పెట్టే రాతి కాలువను మా వైపు దోనె అంటారు. ఆ ఇంటి దోనె ఎక్కడని ఆమె ముందే అడిగింది. అన్నదమ్ములిద్దరికీ ఒకటే దోనె అనీ, తమ్ముడి భాగంలో పడమటి గోడకు ఉందనీ అన్న గారే చెప్పాడు.

గురువారం వచ్చింది. నేను ఊరికే వినోదం చూడ్డానికి వెళ్ళాను. కాగితాల సంచీ కూడా భుజాన ఉంది, ఎందుకంటే ఆ మధ్యాహ్నమే దస్తావేజు రాయాలని మాట. పోతూ ఉంటే వీధి మలుపులో బిందెల వరుస కనబడింది. ఇత్తడి బిందెలు, మట్టి కడవలు, ఒకామె చేతిలో పాలచెంబు. మొత్తం నలభై. మూడు వందలని చెబితే మీరు నమ్మేవాళ్ళే, కానీ ఈ ఒక్క లెక్క నేను పెంచలేను. నేనే నిచ్చెన దగ్గర నిలబడి లెక్కపెట్టాను.

ఒక ముసలామె బిందె అందిస్తూ అంది, "పరుపులమ్మా, నా నీళ్ళు తిరిగి రాకపోతే నీ పరుపు తిరిగిస్తా సూడు."

"అదెట్ల తిరిగిస్తావవ్వా? పదేండ్లు దొర్లినావు దాని మీద!"

వీధి వీధంతా నవ్వింది. జవానన్న మిద్దె మీద నిలబడి ఒక్కో బిందె అందుకుని పోస్తున్నాడు. మిద్దె మీద పరిచిన, నాలుగేళ్ళ దాహంతో ఉన్న చౌడు మట్టి మొదటి పది బిందెల్నీ చప్పుడు లేకుండా తాగేసింది. తర్వాత తడి మెరిసింది. తర్వాత నీళ్ళు కదిలాయి, పడమటి వాలుగా, ఉమ్మడి గోడ వైపు. ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలు తీసుకుని తమ్ముడి గోడ కిందికి పరిగెత్తి, దోనె కింద వరసగా పెట్టి నిలబడ్డారు.

నలభయ్యో బిందె పోశారు. అందరూ దోనె వైపు తలెత్తారు.

చుక్క పడలేదు.

ఇంత సేపు, అంత సేపు. దోనె నోట్లో ఉన్న పిచ్చుక గూటిలోంచి ఒక పిచ్చుక బయటికొచ్చి అందరినీ చూసి మళ్ళీ లోపలికి పోయింది. ముసలామె, "నా నీళ్ళు యాడికి పోయినాయమ్మా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు తూర్పు భాగంలో లోపలి గదిలోంచి వచ్చింది. పరుపులక్క దూది పేర్చుకోవాలని కొంగుతో కొలిచి పెట్టుకున్న మూల అది.

టప్.

తర్వాత ఇంకో టప్. కొత్త సున్నం మీద టీ రంగు చార ఒకటి నెమ్మదిగా దిగింది. పక్కన ఇంకొకటి. మేము చూస్తుండగానే ఆ తెల్లగోడ పాత గోడైపోయింది.

నేను నిచ్చెన ఎక్కాను. ఉమ్మడి గోడ దగ్గర నీళ్ళు మడుగు కట్టి నిలబడి ఉన్నాయి. వాటికి అడ్డంగా ఒక ఇటుక గోడ. మూడేళ్ళ కిందట తమ్ముడు తన భాగం మిద్దె మీద వేరుశెనగ మూటల కోసం ఒక గది లేపాడు. అన్న వైపు నుంచి నీళ్ళు దోనెకు పోయే దారి సరిగ్గా ఆ గది గోడ కింద పడింది. కరువులో కట్టిన గోడ కదా, అన్నకూ తమ్ముడికీ ఎవరికీ నీళ్ళు గుర్తు రాలేదు. ఆ తర్వాత రాలిన ఒకే ఒక్క జల్లు వేసిన చారనే అన్న సున్నంతో కప్పాడు. నలభై బిందెలకే మూల కురిసింది. అసలు వాన వస్తే నీళ్ళు పోయే దారి లేక మట్టి మిద్దె నాని, దూలాలతో సహా గదిలోకి కూర్చుంటుంది. దూది మీద, మనుషుల మీద.

ఆ మడుగులోనే నా ముఖం కనబడింది. దాంతోపాటు నేను నవ్విన ఆ వాక్యం కూడా.

భాగపరిష్కార దస్తావేజులో తొమ్మిదో పేజీలో ఉంది. "రెండు భాగముల మిద్దెల వాననీరు పడమటి భాగమందలి రాతి దోనె గుండానే పోవలయును. సదరు దారిని ఉభయులలో ఎవరున్ను మూయరాదు." చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. వాననీరట! ఈ తాలూకాలో! కొత్త దస్తావేజు చిత్తుప్రతిలో ఆ వాక్యం తీసేశాను. స్టాంపు కాగితం మీద చోటు మిగిల్చానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

కింద గొడవ మొదలైంది. తమ్ముడు బయటికొచ్చి, "నా మిద్దె, నా గది. ఎవడప్పా అడిగేది?" అంటున్నాడు. అన్న గారు రెండు చేతులూ ఎత్తి, "దోనె సంగతి ఏ కాగితంలోనూ లేదప్పా! ఇదో, రైటరు ముప్ఫై ఏండ్ల కాగితాలు సదివినాడు. బంగారం అన్నాడు. అడగండి ఆయన్నే!" అన్నాడు.

నలభై మంది ఆడవాళ్ళూ, ఇద్దరు అన్నదమ్ములూ, జవానన్నా నిచ్చెన మీద ఉన్న నా వైపు చూశారు. ఆ క్షణం మా వృత్తిలో ప్రతివాడికీ ఒకసారి వస్తుంది. తొమ్మిదో పేజీ సంగతి నాకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. అన్నకు చదువు రాదు, తమ్ముడికి చదివే ఓపిక లేదు. ఊరుకుంటే నా పేరు నిలుస్తుంది. పెదవి విప్పితే రేపటి నుంచి వరండాలో నా చాప దగ్గరికి కాకి కూడా రాదు.

నిచ్చెన ఎన్ని మెట్లో తెలియదు గాని ఆ రోజు దిగడానికి నాకు ఒక యుగం పట్టింది. సంచీలోంచి దస్తావేజు తీశాను. తొమ్మిదో పేజీ తెరిచాను. గట్టిగా చదివాను. చదివి, "ఇది నేను ముందే చూశాను. పనికిరాదని కొత్తదాంట్లోంచి తీసేశాను. తప్పు నాది," అన్నాను.

 తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. పరుపులక్క అంది. "ఇప్పుడు సదివినావు కదా. అది సాలు." నా 'చాలు' నాకే తిరిగి ఇచ్చింది, వడ్డీ లేకుండా.

అక్కడితో ఆ ఇల్లు వదిలేస్తారనుకున్నాను. నేనే సలహా ఇచ్చాను, వేరే చూద్దామని. ఆమె వినలేదు. "యాలప్పా వదలాల? బావి తీపి. గోడలు గట్టి. కురిసేది యాడో తెలిసింది. తెలిసిన జబ్బు కదా. తెలియని ఇల్లు ఇంగోటి తెచ్చుకోని ఏం జేద్దును?" తమ్ముడితో, "నీ గది నీకే ఉండనీ నాయనా. మా నీళ్ళు నీ దిక్కు రావు," అంది. అన్న గారితో, "నువ్వు మిద్దె వాలు తూరుపుకు తిప్పు. కొత్త చౌడు పోయించు. తూరుపు గోడకు కొత్త దోనె పెట్టు. మా వాన మా వాకిట్లోనే పడాల."

అన్న గారు గునిశాడు. "అవన్నీ మీరు కొన్నాక చేసుకోండమ్మా. ముందు రిజిస్టరు కానీయండి. నా ప్రయాణం ఉండాది."

అప్పుడు జవానన్న మిద్దె మీంచి దిగాడు. ఖాకీ కోటు నిండా బురద. కరువులో బురద పట్టిన మొదటి ప్రభుత్వోద్యోగి ఆయనే అయ్యుంటాడు. అన్న గారి ముందు నిలబడి, ఆయన ఎడమచేతి బొటనవేలి వైపు చూపించాడు.

"పెద్దాయనా, ఇరవై ఏండ్లలో ఒక్క యేలు గూడా నేను వద్దనలా. కుష్టు యేలు పట్టినా. సావు మంచంలో ఉన్నోళ్ళ యేలు పట్టినా. దోనె పడేదాకా నీ యేలు మాత్రం పట్టను. నువ్వెన్ని దినాలు కూసున్నా పట్టను."

సబ్ రిజిస్ట్రారు గారికి ఈ సంగతి తెలిసి, వేలిముద్ర వేయించడానికి వేరే మనిషిని పెట్టగలనని చట్టం ప్రకారం అన్నారట. కానీ ఆ మాట ఆయన చాలా చిన్న గొంతుతో, తలుపు మూసి, తన కాగితాలకు చెప్పుకున్నట్టు అన్నారని గుమాస్తా చెప్పాడు. నేనూ వరండాలో ప్రకటించాను. "దోనె పడితేనే దస్తావేజు. కావాలంటే వేరే రైటర్ని చూసుకోండి." మిగిలిన ముగ్గురు రైటర్లూ కళ్ళజోళ్ళ మీంచి నన్ను చూశారు. వాళ్ళలో అందరికంటే పెద్దాయన అన్నాడు, "మాకు కూడా ఆ దస్తావేజు వద్దు లేప్పా. మా ఇంట్లో ఆమె కుట్టిన పరుపుంది."

పదిహేను రోజుల్లో వాలు తిరిగింది. కొత్త దోనె తూర్పు గోడకు ఎక్కింది. ఈసారి ఎవరూ పిలవకుండానే పాతిక బిందెలు వచ్చాయి. పోసిన నీళ్ళు బురదగా, ఎర్రగా దోనెలోంచి దూకాయి. ముసలామె ముందు నిలబడి మొదటి ధార తన బిందెలో పట్టుకుంది. లెక్క సరిపోయిందని ప్రకటించింది.

దస్తావేజు నేనే రాశాను. జీవితంలో మొదటిసారి ఇల్లు చూసి రాశాను. తూర్పున వీధి, దక్షిణాన ఫలానావారి ఇల్లు, పడమర తమ్ముడి గోడ, ఉత్తరాన సందు. నాలుగు దిక్కులయ్యాక ఆగి, మా వరండా ఎరగని ఐదో దిక్కు ఒకటి రాశాను. "ఈ మిద్దె వాననీరు తూర్పు గోడయందలి కొత్త దోనె గుండా కొన్నవారి వాకిట్లోనే పడవలయును. ఇందుకు ఎవరున్ను ఎన్నడున్ను అడ్డు చెప్పరాదు." ఆ వాక్యం తర్వాత కలం పదును పోయిందని కొత్త పాళీ వేసుకున్నాను. అన్న గారి బొటనవేలు జవానన్నే పట్టాడు. అంత జాగ్రత్తగా ఆయన ఏ వేలూ దొర్లించలేదు.

అడిగే చిన్నవాళ్ళకు ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. కాగితాలు చూడండి, తప్పక చూడండి. కానీ పాత కాగితంలో మీకు నవ్వొచ్చే వాక్యం దగ్గర నవ్వకండి, లేచి వెళ్ళి ఇల్లు చూడండి. అది రాసినవాడికి ఏదో దెబ్బ తగిలే రాశాడు. కరువులో కొంటే వాన తెచ్చుకుని కొనండి, వానలో కొంటే ఎండాకాలం దాకా బావి మాట నమ్మకండి. పండగ లేని సున్నాన్ని గోరుతో గీకండి. పక్కింటివాడితో ఒక పూట కూర్చోండి. అన్నింటికీ మించి, ఆ ఇంట్లో మీ వస్తువుల్లో ఏది తడిస్తే మీ బతుకు తడుస్తుందో, దాన్ని పెట్టే మూలలో నిలబడి పైకి చూడండి. మిగతా ఏడుగురు బావిలోకి చూస్తున్నా సరే.

ఆ ఏడాది కూడా వాన మొండికేసింది. పరుపులక్క కొత్త ఇంట్లో ఆ మూలలోనే దూది పేర్చింది. "రానీ సూద్దాం" అన్నట్టు, ఆకాశానికి సవాలుగా. ఆషాఢం పోయింది. శ్రావణంలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు, ఆఫీసు నిండా జనం ఉండగా, మబ్బు వచ్చింది. అలవాటుగా అందరం బయటికొచ్చి నిలబడ్డాం. ఈసారి అది చూసి వెళ్ళిపోలేదు. మొదటి చినుకు వరండా మెట్టు మీద రూపాయి బిళ్ళంత మరక వేసింది. ఐదు నిమిషాల్లో ఎదుటి అంగడి కనబడకుండా పోయింది. లోపల ఒక రైతు బొటనవేలు జవానన్న చేతిలో సిరాతో సగం దొర్లి ఉంది. ఆ వేలు అలాగే వదిలేసి, "సార్, పోతాండా," అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన సెలవడిగింది అదొక్కసారే. సమాధానం కూడా వినలేదు.

నేనూ వెంట పరిగెత్తాను. వీధుల్లో జనం నిలబడి తడుస్తున్నారు. మేకలు కూడా ఈసారి పారిపోలేదు. మేం ఆ వాకిట్లోకి చేరేసరికి పరుపులక్క లోపలి గదిలో, దూది మూటల మీద ఎక్కి కూర్చుని, పైకప్పును చూస్తోంది. చేత్తో గోడ తడిమింది. ఆ అరచేయి మాకు చూపించింది.

పొడి చెయ్యి.

జవానన్న గడప మీద కూలబడ్డాడు. ఏడ్చాడో, వాన నీళ్ళో నాకు తెలియదు. నేను అడగలేదు. తూర్పు గోడ మీద కొత్త దోనె మొదట దగ్గింది, తర్వాత ఎర్రటి నీళ్ళు కక్కింది, తర్వాత తేటపడి ధారగా వాకిట్లోకి దూకింది. పరుపులక్క బయటికొచ్చి చిల్లి బిందెతో సహా మూడు బిందెలూ దాని కింద పెట్టింది.

"రైటరన్నా, దస్తావేజులో ఈ దోనెకు ఏం రాసినావో అది సదువు."

"ఇప్పుడా? కాగితం ఆఫీసులో ఉంది కదక్కా."

"నువ్వు రాసిందే కదా. నోట్లో లేదా?"

ఉంది. వేల దస్తావేజులు రాశాను. వాటిలో నాకు కంఠతా వచ్చింది ఆ ఒక్క వాక్యమే. వానలో నిలబడి, పాఠం ఒప్పజెప్పేవాడిలా చేతులు కట్టుకుని చెప్పాను. ఈ మిద్దె వాననీరు తూర్పు గోడయందలి కొత్త దోనె గుండా కొన్నవారి వాకిట్లోనే పడవలయును.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నవ్వుతోంది.

"దోనె చప్పుడులో ఇనపడలా. గట్టిగా సదువు."

గట్టిగా చదివాను.